ముగ్గురు హేమ్లిలకు ఒకే నంబరు

కోటేష్ పుట్టినరోజు జులై ఒకటి. వాళ్ళ తండాలో బడికి పోయిన పిల్లలందరిదీ జులై ఒకటే. చేర్చుకున్న పంతులు తేదీల కోసం ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు, రిజిస్టరులో వరసగా అదే రాసుకుంటూ పోయాడు. ఈ సంగతి కోటేష్‌కి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసిన సంగతిని మరిచిపోవడానికి ఖమ్మంలో రెండేళ్ళు కంప్యూటర్ కోర్సు చేయాల్సి వచ్చింది.

నా పేరు నిర్మలాదేవి. ఇల్లందు దాటి భద్రాచలం వైపు పోతుంటే అడవి మొదలయ్యే చోట ఒక మండల కేంద్రం ఉంది. అక్కడి సర్కారు ఆఫీసులో ఇరవై రెండేళ్ళు టైపిస్టుగా చేశాను. కోటేష్ కాంట్రాక్టు ఆపరేటరుగా వచ్చిన నెలకే నా టైపు మిషన్ మీద గుడ్డ కప్పి మూలకు జరిపారు. అందుకే నాకు అతనంటే కడుపుమంట అని మీరు అనుకుంటే అనుకోండి. ఉంది. కానీ నేను చెప్పబోయేది కడుపుమంటతో చెప్పేది కాదు.

అది రెండువేల ఎనిమిది. అడవిలో పోడు కొట్టుకుని సాగు చేసుకుంటున్న వాళ్ళకు హక్కు పత్రాలు ఇస్తామని సర్కారు ప్రకటించింది. తండాల నుంచి, గూడేల నుంచి జనం ఆఫీసు వరండా నిండా కూర్చునేవారు. మా ఆఫీసరు శ్రీధర్ సారుకు ఆ జనం కన్నా ఆ కాగితాలంటే భయం. ఎక్కడో మీటింగులో "పేపర్‌లెస్" అన్న మాట విని వచ్చి, కోటేష్‌ని పిలిచి, "కాగితం కనపడొద్దు. ఏం చేస్తవో చెయ్యి" అన్నాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. కోటేష్ పదిహేను రోజులు తిండి మానేసి పని చేశాడు. దరఖాస్తు ఫారాన్ని పీడీఎఫ్‌గా మార్చాడు. తెర మీద అచ్చం కాగితంలాగే ఉంటుంది, కానీ గళ్ళలో వేలు పెట్టి కొట్టుకోవచ్చు. పేరు గడి వదిలేస్తే ఎర్రగా అవుతుంది. కింద "పంపు" అని ఒక మీట. అది నొక్కితే గళ్ళలో ఉన్నదంతా ఫోను తీగ మీద ఖమ్మంలో ఉన్న సర్వరుకు పోతుంది. అక్కడ కోటేష్ రాసి పెట్టిన ప్రోగ్రాము దాన్ని విప్పి, ఏ గడిది ఆ గడిలో పట్టికలో సర్దుతుంది. నిజం చెప్పాలంటే నేను కూడా మొదటి రోజు నోరు తెరుచుకుని చూశాను.

మా సీనియర్ అసిస్టెంటు గోపయ్య గారు మాత్రం నోరు తెరవలేదు, కళ్ళు మూసుకుని పని మొదలుపెట్టారు. ఒక రోజంతా కూర్చుని ముప్పై మంది ఫారాలు నింపి, ఒక్కొక్కదాన్ని భద్రంగా సేవ్ చేసుకుని ఇంటికి పోయారు. పొద్దున వచ్చి తెరిస్తే ముప్పై ఫారాలూ ఉన్నాయి. మనుషులే లేరు. అన్ని గళ్ళూ ఖాళీ. ఆఫీసులో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేరులో ఫారం నింపొచ్చు, పంపొచ్చు, అంతే. నింపినదాన్ని దాచుకునే యోగం లేదు.

"ఇదేం మాయరా! నేను కొట్టిన పేర్లు ఎటు పోయినయ్?" అని గోపయ్య గారు లేచారు.

"సేవ్ గాదు సార్, పంపు నొక్కాలె. ఫారం ఇక్కడనే ఉంటది, లోపలున్న మనిషి ఖమ్మం పోతడు."

"పోయినట్టు సాక్ష్యమేంది? రసీదు లేంది ఎవలన్న ఎట్ల నమ్ముతరు?"

ఆ మాట న్యాయంగానే ఉంది. కోటేష్ ఇంకో రెండు రోజులు కూర్చుని, సర్వరులో పట్టిక ఎక్కగానే ఒక నంబరుతో రసీదు తిరిగి వచ్చేటట్టు చేశాడు. అది ప్రింటు తీసి మనిషి చేతికి ఇస్తాం. నా పాత అలవాటు కొద్దీ నేనొక రిజిస్టరు పెట్టి, రసీదు తీసుకున్న ప్రతివాళ్ళ చేత పేరు పక్కన వేలిముద్ర వేయించేదాన్ని. "ఇంకా ఎందుకు మేడం ఈ పుస్తకం?" అని కోటేష్ నవ్వేవాడు. నవ్వనీ అనుకున్నాను.

ఇక శ్రీధర్ సారుకు ఒక అనుమానం పట్టుకుంది. "ఈ జనం తక్కువోళ్ళు గాదు. ఒక్కొక్కడు రెండు సార్లు పెడతడు. అది ఆపాలె." కోటేష్ దానికీ ఉపాయం చూశాడు. పేరు, తండ్రి పేరో భర్త పేరో, పుట్టిన తేదీ, ఊరు. ఈ నాలుగూ కలిస్తే ఒకే మనిషి కింద లెక్క. మళ్ళీ వస్తే ప్రోగ్రాము పాత వరసలోనే కొత్త వివరాలు రాసుకుంటుంది, కొత్త నంబరు ఇవ్వదు. "ప్రపంచంల ఎక్కడన్న నాలుగు కలిస్తే ఒక్కడే మనిషి మేడం" అన్నాడు నాతో, ప్రపంచం తిరిగి వచ్చినవాడిలాగా.

ప్రపంచం సంగతి నాకు తెలీదు. అతని తండాలో ముగ్గురు హేమ్లిలు ఉన్నారు. ముగ్గురి భర్తల పేరూ లాలు. తండా అంతా ఒకే ఇంటిపేరు. రేషను కార్డు మీద వయసు తప్ప తేదీ ఉండదు కనుక, తేదీ లేనివాళ్ళకు జనవరి ఒకటి వేయమని కోటేషే మాకు చెప్పాడు. వయసు అడిగితే ముగ్గురూ యాభై అన్నారు. యాభై దాటిన తర్వాత లెక్క పెట్టుకుని చేసేదేముంది? తండాలో మాత్రం వాళ్ళను ఎవరూ కలగాపులగం చేయరు. గుట్ట హేమ్లి, వాగు హేమ్లి, బోరింగు హేమ్లి. ఎవరి చేను ఎక్కడుంటే, ఇల్లు ఎక్కడుంటే అదే పేరు. ఆ మాట రాసుకోవడానికి కోటేష్ ఫారంలో గడి లేదు.

గుట్ట హేమ్లి కోటేష్ కన్నతల్లి.

భర్త లాలు పోయి ఆరేళ్ళు. గుట్ట కింద రెండెకరాలు ఆమె ఒక్కతే దున్నుకుంటోంది. కొడుకు కోర్సు ఫీజు ఆ చేలో పండిన పత్తి నుంచే వచ్చింది. అటవీ శాఖ వాళ్ళు మూడు సార్లు చేలో కందకం తవ్వారు, మూడు సార్లూ ఆమె పూడ్చుకుంది. చేతిలో పత్రం ఒకటి ఉంటే ఇక కందకం తవ్వరు. ఆమెకు కావలసింది అంతే.

ఒక రోజు మధ్యాహ్నం, నేను అన్నం డబ్బా విప్పుతుంటే ముగ్గురు హేమ్లిలూ కలిసి వచ్చారు.

"అమ్మా, మా ముగ్గురికి ఒక్కటే నంబరు వచ్చినట్టున్నది. జర సూడు" అని గుట్ట హేమ్లి మూడు రసీదులు బల్ల మీద పరిచింది. చదువు రాకపోయినా అంకెల రూపం పోల్చుకున్నారు. మూడింటి మీదా నూట పద్దెనిమిది.

"ముగ్గురికి కలిపి ఇస్తరేమో" అంది బోరింగు హేమ్లి ఆశగా.

కోటేష్‌ని పిలిచి చూపించాను. అతను తెర ముందు కూర్చుని ఖమ్మం పట్టిక తెరిచాడు. నూట పద్దెనిమిదిలో హేమ్లి ఉంది, ఒక్కతే. చివర పంపింది వాగు హేమ్లి కనుక, భూమి వాగు పక్కన ఎకరంన్నర అని ఉంది. బోరింగు హేమ్లి ఆమె కింద పోయింది, ఆమె కన్నా ముందు గుట్ట హేమ్లి పోయింది. నేను నా రిజిస్టరులో వేలిముద్రలు లెక్కపెట్టాను. ఆరువందల నలభై. పట్టికలో మనుషులు నాలుగువందల పదకొండు. సోమ్లిలు, మోతీలు, హరిలాల్‌లు, అందరూ ఒకరి మీద ఒకరు ఎక్కి మాయమయ్యారు. ప్రతిసారీ తెర మీద మాత్రం పచ్చగా "విజయవంతం" అని పడింది.

"ఒక్క లైను మేడం" అన్నాడు కోటేష్. "ఒక్క లైను మారిస్తే అయిపోతది. మల్ల అందరి ఫారాలు కొట్టాలె."

శ్రీధర్ సారు దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను.

"నాలుగువందల పదకొండు అని పైకి పంపిన. పంపిన నంబరు ఎట్ల మారుస్తం?" అన్నాడు సారు. "గురువారం హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తుండు నీ ఫారం చూడనీకి. నీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం చేసేది కూడా ఆయననే. గురువారం దాకా దేన్నీ ముట్టకు."

కోటేష్ తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చాడు. తల్లితో, "అయితదిలే యాడీ, జర ఆగు" అన్నాడు. యాడి అంటే వాళ్ళ మాటలో అమ్మ.

ఆమె ఆగలేదు. గురువారం పొద్దున్నే వరండాలో ముందు వరసలో రసీదు పట్టుకుని కూర్చుంది. పెద్దసారు వచ్చాడు. పూలదండ, బిస్కెట్లు, చాయ్. కోటేష్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫారం చూపించాడు. గళ్ళు ఎర్రబడ్డాయి, మీట నొక్కితే రసీదు వచ్చింది. పెద్దసారు నిజంగానే సంతోషపడ్డాడు.

"ఉత్తుత్తి పేర్లు కాదయ్యా, నిజమైన మనిషిని చూపించండి" అని వరండాలోకి చూసి, ముందున్న మనిషినే పిలిచాడు. అలా గుట్ట హేమ్లి లోపలికి వచ్చింది. ఆమె కోటేష్ తల్లి అని పెద్దసారుకు ఎవరూ చెప్పలేదు. రసీదు తీసుకుని ఆయనే నంబరు కొట్టాడు.

"హేమ్లి. భర్త లాలు. వాగు పక్కన ఎకరంన్నర. నీదేనా అమ్మా?"

"పేరు నాదే సారూ. భూమి నాది గాదు. నాది గుట్ట కింద, రెండెకరాలు. వాగు కాడిది ఇంకో హేమ్లిది."

 పెద్దసారు కళ్ళజోడు సవరించుకుని కోటేష్ వైపు తిరిగాడు. శ్రీధర్ సారు కూడా కోటేష్ వైపే చూశాడు. నేను గోడవారన నిలబడి ఉన్నాను. ఆరువందల నలభై వేలిముద్రల రిజిస్టరు నా చంకలోనే ఉంది. పుస్తకం తెరిచి బల్ల మీద పెడితే చాలు. నాకు పదవీ విరమణ రెండేళ్ళలో ఉంది. నేను తెరవలేదు.

కోటేష్ అన్నాడు, "పెద్దమనిషి సార్. యాది తప్పుతది."

హేమ్లి కొడుకు వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. తర్వాత పెద్దసారుకు చేతులు జోడించింది.

"అవ్ సారూ. నాకే యాది లేదు. నా భూమి వాగు కాడనే. కంప్యూటర్ల ఉన్నదే నిజం."

అందరూ నవ్వారు. పెద్దసారు కూడా నవ్వి, "చూశారా, మనుషులు మరిచిపోయినా మిషను మరిచిపోదు" అన్నాడు. గోపయ్య గారు చప్పట్లు మొదలుపెట్టారు. సాయంత్రానికి కోటేష్ కాంట్రాక్టు ఇంకో ఏడాదికి పొడిగించినట్టు కాగితం వచ్చింది. ఆ రోజు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అందులో సగం నా మీదే అని ఇంటికి పోయాక గాని తెలీలేదు.

ఇప్పుడు కోటేష్‌ని మరీ దుర్మార్గుడు అనుకోకండి. మరుసటి రోజే ఆ ఒక్క లైను మార్చాడు. పెద్దసారు మెచ్చుకుని పోయాడు కనుక శ్రీధర్ సారుకు ధైర్యం వచ్చి, "రెండో విడత" అని ఒక పేరు పెట్టాడు. తప్పును తప్పు అంటే నేరం, విడత అంటే ప్రగతి. నా రిజిస్టరు ముందు పెట్టుకుని, పోయిన రెండువందల ఇరవై తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే పిలిచి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాం. ఫారంలో కొత్త గడి కూడా వచ్చింది, "పిలిచే పేరు" అని. బోరింగు హేమ్లికి కొత్త నంబరు వచ్చింది. ఆమె ఆ రసీదును రవికెలో దోపుకుని పోయింది. రెండువందల ఇరవై ఎనిమిది మంది వచ్చారు.

గుట్ట హేమ్లి రాలేదు.

చివరి రోజు కోటేష్ నన్ను బతిమాలి, స్కూటరు మీద రిజిస్టరుతో సహా తండాకు తీసుకుపోయాడు. ఆమె చేలో పత్తి ఏరుతోంది. మమ్మల్ని చూసి నడుం ఎత్తింది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ లంబాడీలోనే మాట్లాడుకుంటారు. ఆ రోజు ఆమె తెలుగులో మాట్లాడింది, నాకు కూడా వినపడాలని.

"యాడీ, అంత కొట్టి పెట్టిన. నువ్వు వేలు పెడితే సాలు. ఐదింటికి బందయితది."

"ఏం రాసినవ్?"

"గుట్ట కింద రెండెకరాలు."

"పెద్దసారు ముంగట వాగు కాడ అని చెప్పిన గద. ఇప్పుడు గుట్ట కాడ అంటే, అబద్ధం నాదైతదా, నీదైతదా?"

ఆమె ఒడిలోని పత్తి సర్దుకుంది.

"నాదైతె నా భూమి అడిగే హక్కు నాకు లేదు. నీదైతె నీ నౌకరి ఉండదు. ఏది రాస్తవ్?"

"ఎవలు చూస్తరు యాడీ? ఆయన ఎప్పుడో పోయిండు."

"నువ్వు చూసినవ్ గద." తర్వాత నా వైపు తిరిగింది. "ఈ అమ్మ కూడ చూసింది."

నేను రిజిస్టరు ముందుకు చాపి, "హేమ్లీ, పట్టింపుకు పోకు. భూమి పోతది" అన్నాను. ఆమె పట్టు ప్రేమతో కొడుకును కాపాడడమో, కోపంతో వాణ్ణి కాల్చడమో నాకు ఈనాటికీ తెలీదు. రెండూ కావచ్చు. తల్లులకు రెండు పొయ్యిలు అక్కర్లేదు.

"నా ముద్ర లేకుంట నువ్వే పంపినవనుకో, భూమి కొలతలోళ్ళు వచ్చిన్నాడు నేనే చెప్త, ఇది నా ఫారం గాదని" అంది కొడుకుతో. వంగి మళ్ళీ పత్తి ఏరుకోసాగింది.

మేం ఆఫీసుకు వచ్చేసరికి నాలుగున్నర. తెర మీద ఆమె ఫారం తెరిచే ఉంది. అన్ని గళ్ళూ నిండి ఉన్నాయి, ఒక్కటీ ఎర్రగా లేదు. కోటేష్ మీట మీద వేలు పెట్టి కూర్చున్నాడు. నేను కాదనలేదు, అవుననలేదు. ఐదింటికి సర్వరు బందయింది. ఫారాన్ని సేవ్ చేయడానికి కూడా లేదు కదా, అతను దాన్ని అలాగే మూసేశాడు.

చలికాలంలో పత్రాల కోసం భూములు కొలిచేవాళ్ళు వచ్చారు. వాగు పక్కన కొలిచారు, బోరింగు హేమ్లి చేను కొలిచారు. గుట్ట దగ్గరికి వచ్చి జాబితా చూసుకుని, గట్టు మీదుగా నడిచి అవతలికి పోయారు. ఎండ బాగా ఉందని హేమ్లి వాళ్ళకు తాగడానికి నీళ్ళిచ్చింది.