కరూక్ చూపులు, నాలుగో విద్యార్థి

ఆక్లండ్‌లో ఓ చిన్న కాలేజీలో నేను భాషాశాస్త్రం చెప్పేవాణ్ణి. మా తెలుగువాళ్లు దాని గురించి జబ్బు సంగతి అడిగినట్టు గొంతు తగ్గించి అడిగేవారు: "ఇంకా అదేనా?"

పోయినేడు డీన్ చాలా మర్యాదగా చెప్పాడు, కొత్తగా నలుగురైనా చేరకపోతే కోర్సు మూసేస్తామని. కోర్సంటే నేనే. ముగ్గురు పేర్లిచ్చారు. ఈ దేశంలో కరూక్ అనే భాష క్రియలు తెలిసినవాడికని ఇంకో ఉద్యోగం ఎవరూ అట్టిపెట్టలేదు.

కొత్తగా చేరే పిల్లలు కాలేజీ చూడ్డానికి వచ్చే రోజున నా బల్ల పక్కనే కంప్యూటర్ల కోర్సు బల్ల వేశారు. ఆదివారం భోజనాల్లో నా వీపు తట్టే పెద్దమనుషులు పిల్లల్ని వెంటబెట్టుకుని అటు వెళ్తూ, నా ముందుకొచ్చేసరికి ఫోన్లలోకీ, సీలింగు మీదికీ, కింద బూట్ల మీదికీ చూశారు. కాలిఫోర్నియాలో క్లామత్ నది వెంట ఉండే కరూక్ జనం భాషలో, ఏటి ఎగువకు చూశాడా, కొండ మీదికా, అవతలి ఒడ్డుకా అన్నది 'చూడు' అనే క్రియ చివరే అతుక్కుంటుంది. వచ్చేపోయేవాళ్ల చూపులకు నేను ఆ చివర్లు అతికించుకుంటూ కూర్చున్నాను. వేరే పని లేదు.

ఒక్క అమ్మాయి ఆగింది. హెండర్సన్ పేటలో మా వీధి పిల్లే. ఏం చేస్తున్నారని అడిగితే ఆ చివర్ల సంగతి చెప్పాను.

"అంకుల్, ఇంట్లోకి తొంగి చూస్తే?"

"దానికీ ఒకటుంది."

"నో వే! ఇంకోటి చెప్పండి."

వెళ్లేటప్పుడు, ఇదే చదువుతానంది. నాలుగో మనిషి.

ఆ సాయంత్రమే వాళ్ల నాన్న సకినాల డబ్బాతో మా ఇంటికొచ్చాడు.

"అన్నా, జర మీరే చెప్పుండ్రి పిల్లకు, కంప్యూటర్స్ తీసుకొమ్మని. నా మాట ఇంటలేదు."

"నా కోర్సులో చేరొద్దని నేనే చెప్పాలా?"

"గదే గదన్నా! ఆ లైన్ల ఉన్నోళ్లు చెప్తె వెయిట్ ఉంటది."

నేను చెప్పనన్నాను. సకినాలు మాత్రం బాగున్నాయి. నేను చెప్పే అవసరం కూడా పడలేదు. "అంకుల్ కూడ వద్దన్నడు" అని ఇంటికెళ్లి ఆయనే చెప్పేశాడట. అమ్మాయి కంప్యూటర్లలో చేరింది. కోర్సు మూసేశారు.

సీటొచ్చిన సంతోషానికి వాళ్లింట్లో భోజనాలు పెట్టారు. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "మా పిల్ల లైఫ్ సెట్ చేసింది ఈ అన్ననే" అని అందరికీ చాటాడు. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి ఎటు చూసిందో నేను చూడలేదు.

తర్వాత నా ప్లేట్లో బిర్యానీ వడ్డిస్తూ ఆయన గొంతు తగ్గించాడు.

"జాబ్ పోయిందంట గదన్నా. ఏమైంది?"

"ఒక్కరు తక్కువయ్యారు."

"అయ్యో, ఒక్కరేనా?" నిజంగానే నొచ్చుకున్నాడు. "నాకొక మాట చెప్తె అయిపోతుండె గదన్నా! ఎవరినన్న పట్టుకొస్తుంటి."