ఏది ఎవరు వాయించారో

నేను నూజివీడులో లెక్కల మాస్టార్ని. నాతో కలిసి ఈ ట్రాకులు వాయించినాయన మా స్కూల్లోనే సోషల్ చెప్పేవారు, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవారు. నాకు డ్రమ్స్ పిచ్చి. పాడే గొంతు లేని రాక్ సంగీతమంటే ఇద్దరికీ ఇష్టమని ఓరోజు స్టాఫ్ రూమ్‌లో బయటపడింది. మామిడి సీజను అయిపోయాక మా మామగారి షెడ్డు ఖాళీగా ఉండేది. అందులో నా డ్రమ్స్, ఆయన పాత సింథసైజరు కీబోర్డు పెట్టుకుని రెండేళ్లలో ఏడు ట్రాకులు రికార్డు చేశాం. ఒక్కోటీ పావుగంట. తాళం ఏడు దెబ్బల లెక్కలో నడుస్తూ నడుస్తూ ఐదులోకి మారిపోయేది. మా ఆవిడ మొదటిది వింటూ, "పాట ఎప్పుడు మొదలవుతుందండీ?" అంది. అప్పటికే పది నిమిషాలైంది.

తర్వాత ఆయనకి విస్సన్నపేట వైపు బదిలీ అయింది. రికార్డింగులు నా ల్యాప్‌టాప్‌లో ఉండిపోయాయి. ఈ మధ్య వాటిని ఇంటర్నెట్‌లో పెడదామని ఆయనకి ఫోన్ చేశాను.

"పెట్టండి మాస్టారూ. నా పేరు మాత్రం వద్దు."

"అదేంటండీ, సింథసైజరంతా మీదే కదా!"

"అంతా నాది కాదు. వినండి మళ్లీ."

నాకేమీ అర్థం కాలేదు. కోపమొచ్చిందా? చర్చిలో ఎవరైనా ఏమైనా అన్నారా? హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. అప్పుడప్పుడూ మేం చోట్లు మార్చుకుని నేను సింథసైజరు, ఆయన డ్రమ్స్ వాయించిన మాట నిజమే. నాలుగో ట్రాకులో డ్రమ్స్ ఆగిపోయి సింథసైజరొక్కటే సాగుతుంది. అది ఆయనదే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు వింటే ఒకచోట తడబాటు, అచ్చం నా వేలే. ఇంకోసారి వింటే మళ్లీ ఆయనదే.

ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య మంచినీళ్లిస్తూ, "రోజూ స్కూలుకి తయారవుతూ మీ ట్రాకులే పెడతారండీ. నాక్కూడా వచ్చేశాయి," అన్నారు. నా అయోమయం ఇంకా పెరిగింది.

నాలుగోది వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"ఇది మీరే."

"మీరేమో అనుకున్నాను నేను."

"నేనైతే గుర్తుండాలి కదా మాస్టారూ? రోజూ వింటాను, బాగుంటుంది. ఈ చేతులే వాయించాయంటే మాత్రం నమ్మకం కుదరట్లేదు. పేరెలా పెట్టుకోను?"

నాకూ అలాగే ఉందని చెప్పాను.

"ఇద్దరి పేర్లూ పెడతాను. ఏది ఎవరో రాయను," అన్నాను.

"మీ ఇష్టం," అన్నారు. ఒప్పుకున్నారో విసిగిపోయారో ముఖం చూస్తే తెలియలేదు.

పెట్టేశాను. లింకు పంపితే నమస్కారం బొమ్మ ఒకటి వచ్చింది. పోయిన వారం బస్టాండులో కనిపించి, వాళ్లమ్మాయి ఇంజనీరింగ్ సీటు గురించే చెప్పారు. ట్రాకుల మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన బస్సు వెళ్లిపోయాక, ట్రాకుల గురించి అడిగి ఉండాల్సింది అనిపించింది. ఏమని అడగాలో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.