పాత పెట్టెలో కొత్త బ్యాటరీ

పెళ్ళికూతురు కారులో చర్చికి రావడం మీరు చూసే ఉంటారు. ఆ కారును వెనక నుంచి పెళ్ళికొడుకే తోసుకురావడం చూశారా? విశాఖపట్నంలో చూసినవాళ్ళున్నారు. తోసినవాణ్ణి నేనే. తప్పూ నాదే.

నాకు కాబోయే మావయ్య పోర్టులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకు ఇద్దరు పిల్లలు: మా గ్రేస్, ఒక పాత నల్లకారు. పెళ్ళినాడు అత్తయ్యను ఆ కారులోనే తెచ్చుకున్నారట. కూతురూ అందులోనే చర్చికి రావాలని పట్టు. దాని బ్యాటరీ కూడా ఆనాటిదే. నల్లరబ్బరు పెట్టె అదే ఉంచి, లోపల ప్లేట్లు మాత్రం మార్పించుకుంటూ వచ్చారు. సరిగ్గా పెళ్ళికి నెల ముందు అది కాస్తా చచ్చిపోయింది.

"నాకొదిలేయండి మావయ్యా!" అన్నాను. మధురవాడలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, నాకెందుకు చెప్పండి?

వన్ టౌన్‌లో బ్యాటరీల కొట్టున్న మా అప్పలరాజు దగ్గరికి పెట్టె మోసుకెళ్ళాను.

"ప్లేట్లు మార్సీవోల్లు ఇప్పుడెవులున్నారు బావా? ఈ సిన్న సీల్డ్ బ్యాటరీ లోపలెట్టేద్దాం. పైన మూతలు అలగే ఉంతాయి" అన్నాడు.

"మావయ్యకి తెలిసిపోతేనో?"

"తొంగి సూడ్డానికి ఆయన లోపల పట్టడు కదేటి?"

పట్టరు, నిజమే. కొత్త బ్యాటరీని లోపల దింపి, చుట్టూ ఖాళీలో థర్మాకోల్ కుక్కి, పైన ఆరు మూతల పలకను జిగురుతో అంటించాం. తాళం తిప్పగానే కారు గర్జించింది. మావయ్య కళ్ళు చెమర్చాయి.

"ప్లేట్లు మార్పించేవా? అల్లుడంటే నువ్వు! మరి నీళ్ళు పొయ్యాలా?"

ఈ బ్యాటరీకి నీళ్ళే అక్కర్లేదంటే దొరికిపోతాను. "మామూలుగానే మావయ్యా" అన్నాను. నా కొంప మునిగింది ఇక్కడే.

మావయ్య రోజూ పొద్దున్న ప్రార్థన కాగానే మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోయడం మొదలుపెట్టారు. వారానికి ఫోన్ వచ్చింది.

"అల్లుడూ, ఇది నీళ్ళు తెగ తాగేత్తంది. మూడు సీసాలయ్యాయి!"

"కొత్త ప్లేట్లు కదండీ, దాహం ఉంటుంది" అన్నాను, సిగ్గు లేకుండా.

పెళ్ళిరోజు కోటుకు పువ్వు గుచ్చుకుని చర్చి దగ్గర నిలబడ్డాను. గ్రేస్ ఫోన్ చేసింది.

"ఏటి సేసేవ్ నువ్వు? కారు స్టార్టవట్లేదు. నాన్న ఇంకో కారెక్కనంటన్నారు!"

పరుగున వాళ్ళింటికి వెళ్ళాను. బానెట్ ఎత్తి ఉంది. మావయ్య ఇంకో సీసా పోస్తున్నారు. నేను చూస్తుండగానే పెట్టె మీది పలక మెల్లగా లేచింది. దాని కింద నుంచి తెల్లటి ముక్కొకటి తేలుతూ బయటికొచ్చింది.

"ఇదేటల్లుడూ?"

"థర్మాకోల్ అండి."

"అది తెలస్తంది. నా బ్యాటరీలో ఏటి సేత్తంది?"

ఆయన పోసిన నీళ్ళన్నీ లోపలి కొత్త బ్యాటరీని ముంచేశాయి. ఉన్నదంతా చెప్పేశాను. మావయ్య వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. నేనూ చుట్టాల కుర్రాళ్ళూ తోశాం. కిటికీలోంచి మేలిముసుగు బయటికి పెట్టి "గట్టిగా తొయ్యి, పాస్టర్ గారు ఎదురుసూత్తన్నారు!" అని గ్రేస్ కేకలు. దారి పొడవునా మావయ్య నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేది. ఈయన నాకు పిల్లనిస్తారా అని నిజంగానే భయం పట్టుకుంది.

చర్చిలో పాస్టర్ గారు ఆనవాయితీ ప్రకారం అడిగారు: "ఈ వివాహానికి ఎవరికైనా ఆక్షేపణ ఉంటే ఇప్పుడే చెప్పండి."

మొదటి వరసలో మావయ్య లేచి నిలబడ్డారు.

"ఆక్షేపణ కాదండి. సిన్న అనుమానం. ఈ అబ్బాయి పైకి బాగానే ఉన్నాడు. లోపలున్నోడు కూడా ఈడేనా, ఇంకెవుల్నైనా ఎట్టి మూతేసేడా?"

చర్చి చర్చంతా ఘొల్లుమంది. పాస్టర్ గారు నవ్వాపుకుంటూ "జవాబు చెప్పు బాబూ" అన్నారు.

"లోపలా నానేనండి" అన్నాను. "థర్మాకోల్ కూడా లేదండి."

మావయ్య పకపకా నవ్వి కూర్చున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు గ్రేస్‌కు చేసిన ప్రమాణాలు మీకు తెలిసినవే. మనసులో ఇంకొకటి కూడా చేశాను: సుఖంలోనూ దుఃఖంలోనూ, ప్రాణమున్నంత వరకూ, మరొకరి బ్యాటరీ జోలికి పోను. ఒకవేళ పోయినా, నీళ్ళు పోయక్కర్లేదన్న ముక్క ముందే చెబుతాను.