బాపు గొంతు దాచిన ల్యాప్‌టాప్

నా ల్యాప్‌టాప్‌లో అందరూ వాడే విండోస్ ఉండేది కాదు. బీఎస్‌డీ అని, మా వాడకట్టులో ఎవరూ వినని సిస్టమ్ ఉండేది. ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి పాస్‌వర్డ్ అడిగేవి. అది కొట్టకపోతే లోపల ఏముందో దేవుడికి కూడా తెలియదని గొప్పలు పోయేవాణ్ణి. ఆఫీసులో ఎవరి ఫైళ్లయినా పోతే లోలోపల నవ్వుకునేవాణ్ణి. అంత పొగరు నాకు.

బాపు, అంటే మా నాన్న, మా వాడకట్టు గుడి పూజారి. గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ తర్వాత మాట రాదని డాక్టరు తేల్చి చెప్పాడు. తాత నోటితో నేర్పిన మా గుడి పూజావిధానం ఏ పుస్తకంలోనూ లేదు. బాపు తర్వాత గుడి తమ్ముడిది. అందుకే ఆపరేషన్‌కు ముందు తొమ్మిది రోజులు బాపును కూర్చోబెట్టి అంతా ఈ ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేశాను. గొంతు జీరపోతున్నా ఆయన ఒక్క స్వరం తప్పనివ్వలేదు. తప్పితే మళ్లీ మొదటి నుంచి అందుకునేవాడు.

తన ఫోన్‌లోకి ఎక్కించమని తమ్ముడు రెండుసార్లు అడిగాడు. ఫోన్లను నమ్మకూడదని వాడికే పాఠం చెప్పాను.

బాపు ఇంకా ఆసుపత్రిలో ఉండగానే ల్యాప్‌టాప్ తెర కీలు విరిగింది. దబీర్‌పురా స్టేషన్ దగ్గర తెలిసిన మెకానిక్‌కు ఇచ్చి, కీలు మార్చితే చాలన్నాను. నల్ల తెర వస్తే కంగారుపడొద్దని చెప్పలేదు. చాంద్రాయణగుట్ట దాకా వచ్చాక ఆ సంగతి తట్టి మనసు కీడు శంకించింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా అతను ఎత్తలేదు.

మర్నాడు షాపు గుమ్మంలో ఉండగానే బల్ల మీద నా ల్యాప్‌టాప్ కనబడింది. తెర నిండా విండోస్ నీలం రంగు.

"కీలు బిగించి ఆన్ చేసిన భాయ్. మొత్తం నల్లగైంది. నా చేతిలనే ఖరాబైందనుకున్న," అన్నాడు మెకానిక్ తల వంచుకుని. "గట్ల వాపస్ ఎట్ల ఇస్త? ఫార్మాట్ కొట్టి విండోస్ ఏసిన. ఫికర్ చెయ్యకు, పైసల్ వద్దు."

తెర మీద విండోస్ కనబడని మెషిన్ ఆ షాపు గడప దాటదు. అది అతని మర్యాద. మామూలు డిస్క్ అయితే ఎవరో ఒకరు తంటాలుపడి కొంతైనా బయటికి తీసేవాళ్లు. నాది తాళం వేసిన డిస్క్. ఇప్పుడు ఆ తాళం తెరిచే దారే చెరిగిపోయింది, నా పాస్‌వర్డ్ కొట్టినా లోపలిది ఇక రాదు.

ఇంటికి వెళ్లేసరికి, ముందురోజే ఆసుపత్రి నుంచి వచ్చిన బాపు మెడకు కట్టుతో కూర్చుని ఉన్నాడు. తమ్ముడు స్నానం చేసి, పంచె కట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. పాఠం మొదలుపెట్టడానికి బాపు ఆ రోజే మంచిదని పంచాంగం చూసి రాసి చూపించాడట. ఎలా చెప్పాలో తెలియక ల్యాప్‌టాప్ తెరిచి వాళ్ల మధ్య పెట్టాను.

"బాపు గొంతు ఏడున్నదన్నా?" అన్నాడు తమ్ముడు తెర మీదికి వంగి.

పాఠం మొదలవుతుందనుకుని బాపు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.