జనం మైకు

మా మేనమామ సన్నాయి ఉన్న ఆల్బం విడుదలైందని ఫోనుకు లింకు వచ్చిన రోజు, నేను ఆదోనిలో నా మైకుసెట్టు అంగట్లో కూర్చుని ఒక పాత బాక్సుకు స్పీకరు మారుస్తున్నాను. లింకు పంపింది బెంగళూరు బ్యాండు పెద్ద. శాక్సోఫోను వాయిస్తాడు. కింద రెండు దండాలు, ఒక పూలగుత్తి బొమ్మ. తెరిచి ముఖచిత్రం చూడగానే ఒళ్లు మండింది. వేదిక మీద వరసగా ఆరు జతల చెప్పుల్లేని కాళ్లు. ముఖాలు లేవు. పగిలిన మడమలు మామవి. తక్కిన ఐదు జతలూ ఆయన్ని చూసి ఆ రోజు సరదాకు బూట్లు విప్పినవాళ్లవి.

ప్రపంచ సంగీతమట. ఒక అరబ్బు వీణ, ఒక ఆఫ్రికా డోలు, స్పెయిన్ గిటారు, వయొలిన్, పెద్దాయన శాక్సోఫోను, వాటి మధ్య మా కౌతాళం పక్క పల్లె సన్నాయి. పాడేవాళ్లు లేరు, అన్నీ వాయిద్యాలే. హాల్లో జనం ముందు వాయించినదాన్ని ఉన్నదున్నట్టు పట్టారు కాబట్టి దగ్గులు, ఈలలు, కుర్చీల కిర్రులు కూడా వినపడతాయి. బాగాలేదని అందామని నోటిదాకా వచ్చింది గానీ, అబద్ధమాడి ఏం లాభం, బాగుంది. నాలుగో ట్రాకులో ఆ ఆఫ్రికా డోలు మెల్లగా మా తప్పెట దరువులోకి జారిపోతే నా చేతిలో స్క్రూడ్రైవరు అట్లే ఉండిపోయింది. ఐదోది మొదలవుతుండగా ఆపేశాను. ఐదోదాంట్లో ప్రతి చప్పుడూ నాకు తెలుసు.

మాది పత్తి ఏకే కులం. నమాజూ మాదే, గుడి ముందు సన్నాయీ మాదే. ఈ వైపు ఎవరికీ అందులో వింత కనపడదు. మామ ఏడాది పొడుగునా పెళ్లిళ్లకూ రథాలకూ వాయిస్తాడు. ఒక్క రాగం మాత్రం ఏడాదికి ఒక్కసారే. మొహర్రం పదో రోజు పీర్లను చావిడి నుంచి ఎత్తి కాలవ నీళ్లకు సాగనంపేటప్పుడు. అప్పుడు తప్పెట్లు ఆగిపోతాయి. ఏ కులం వాళ్లయినా చెప్పులు విడిచి, నోరు మూసుకుని నిలబడతారు. కర్బలాలో పోయినవాళ్లను సాగనంపే రాగం అది. మిగతా రోజుల్లో దాన్ని ఊదరు. నేర్పేటప్పుడు కూడా ఊదరు. సన్నాయికి నోటి దగ్గరుండే పీక తీసి పక్కన పెట్టి, వట్టి గొట్టం మీద వేళ్లు ఆడిస్తూ చూపిస్తారు. మా తాత మామకు అట్లే నేర్పాడు. మామ నాకూ చూపించాడు. నా వేళ్లు తిరగలేదు, నేను మైకుల్లోకి పోయాను.

బ్యాండు పెద్ద మామను ఎమ్మిగనూరులో ఒక నేతబట్టల వ్యాపారి ఇంటి పెళ్లిలో విన్నాడు. ఆ పెళ్లికి మైకు నాదే. మర్నాడు నన్ను వెతుక్కుంటూ ఆదోనికి వచ్చాడు. మంచివాడే. నా అంగట్లో ఆముదపు డబ్బా మీద కూర్చుని టీ తాగాడు. బెంగళూరులో ఒక కచేరీ పెడుతున్నామనీ, దాన్నే ఆల్బంగా తెస్తామనీ, ఎవరూ ఎక్కడా వినని రాగం ఒకటి కావాలనీ అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఏడాదికి ఒక్కసారే వాయించేది మామ దగ్గర ఉంది సార్ అనేశాను.

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ సంతోషంలో నాకూ ఒక పని ఇస్తానన్నాడు. ఇట్లాంటి రికార్డింగులకు రెండు మైకులు జనం వైపు తిప్పి పెడతారు, చప్పట్లూ ఈలలూ పట్టడానికి. జనం మైకులు అంటారు. వాటి చప్పుడు పెంచే, తగ్గించే మీట చూసుకునేది నేను. మీటింగులకూ పెళ్లిళ్లకూ స్తంభాలెక్కి బాక్సులు కట్టేవాడికి బెంగళూరు హాల్లో మిక్సరు ముందు కుర్చీ. ఆ కుర్చీ కోసం మామ కాళ్లా వేళ్లా పడ్డాను.

"అది ఆ పొద్దుదిరా. ఎప్పుడంటే అప్పుడు ఊదేది కాదు," అన్నాడు మామ.

"బయటోళ్లు గూడా ఇనాల గదా మామా. నీతోనే మట్టిలో కల్సిపోవల్నా అది?"

ఆ మాట అనకూడనిది. మామకు కొడుకులు లేరు, నేర్చుకున్నవాళ్లూ లేరు. సరిగ్గా అక్కడే గుచ్చాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే ఫోను చేశాడు.

"సరే, వస్తా. ఒగటే మాట. అది అయ్యేదాంక ఎవురూ సప్పట్లు కొట్టగూడదు. ఇది పోయినోళ్లను సాగనంపేదని జనానికి ముందే సెప్పమను. సప్పట్లు పడితే ఎంగిలైపోతాది. మళ్లా పీర్ల ముందర ఊదలేను నేను. ఆయప్పకు తెల్లంగా సెప్పు."

"సెప్తా మామా. పూచీ నాది."

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇన్నాళ్లుగా నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. తీరిక దొరకలేదని, ఆయనకు తెలుగు సరిగా రాదని. అదంతా బూటకం. సిగ్గేసింది, అంతే. రిహార్సలు రోజు ఆ రాగం ఊదేది లేదని మామ బయటే కూర్చున్నాడు. లోపల గది నిండా మెడల్లో హెడ్‌ఫోన్లు వేసుకున్నవాళ్లు. పాలు లేని కాఫీ తాగుతున్నారు. వాళ్ల మధ్య నిలబడి, మా పీర్లు, ఎంగిలి, చప్పట్లు కొడితే రాగం చెడుతుంది అని చెప్పాలంటే నాలుక తిరగలేదు. పల్లెటూరి బైతు అనుకుంటారని భయం. బ్యాండు పెద్దే నన్ను పిలిచి అడిగాడు, దీన్ని ఎప్పుడు వాయిస్తారని.

"ఊరి సంబరాల్లో సార్. జనం హుషారుగా ఎగురుతారు," అన్నాను.

"చప్పట్లు కొడతారా?"

"ఎందుకు కొట్టరు సార్, బ్రహ్మాండంగా కొడతారు."

ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఆయనకు నచ్చే మాట ఏదో అది చెప్పాను. ఆయన నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను, గాడిద కొడుకును.

కచేరీ రోజు మామ పక్కగదిలో కూర్చుని పీకను నోట్లో తడుపుకుంటున్నాడు. తలుపు వేసి ఉంది. వేదిక మీద పెద్దాయన కన్నడంలో మూడు మాటలు మాట్లాడాడు. ఆల్బం మొత్తంలో ఉన్న మాటలు అవే. ఈ రాగం ఆదోని పక్క ఒక పల్లెలో సంబరాలకు వాయించేదట. ఈ పెద్దమనిషి మేనల్లుడే చెప్పాడు, అక్కడ అందరూ చప్పట్లు కొట్టి ఎగురుతారట. మీరూ కొట్టండి. హాలంతా ఈలలు. నేను మిక్సరు ముందు కూర్చుని విన్నాను. లేచి పోయి మామకు చెప్పే వ్యవధి ఉంది. కుర్చీ వదల్లేదు.

మామ చెప్పులు గదిలోనే విడిచి వచ్చాడు. కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. మొదటి వరస ఒక్కడే. రెండో వరసకు డోలు అందుకుంది, గిటారు అందుకుంది, జనం చప్పట్లు అందుకున్నారు. జనం మైకు పెంచమని పక్కనున్న ఇంజినీరు సైగ చేశాడు. పెంచాను. ఈ వేలితోనే మీట పైకి తోశాను.

మామ కళ్లు తెరిచాడు. ఇంకా రెండు ఊపిర్లు ఊదాడు. తర్వాత సన్నాయి నోటి నుంచి తీసేసి, దాన్ని ఎదకు ఆనించుకుని, జనాన్ని చూస్తూ నిలబడ్డాడు. వాయించేవాళ్లు బిత్తరపోయి ఆగారు. చప్పట్లు కూడా ఆగాయి. తర్వాత పెద్దాయన తెలివిగా శాక్సోఫోనుతో ఆ రాగాన్నే అందుకుని ముగించాడు. జనం లేచి నిలబడి కొట్టారు. ఆల్బం కింద ఇప్పుడు ఎవరెవరో రాస్తున్నారు, ఐదోదాంట్లో ఆ నిశ్శబ్దం ఉంది చూశారూ, అదే దీనికంతటికీ ప్రాణమని. ప్రాణమే. ఎవరిదో వాళ్లకు తెలియదు.

తిరుగు రైల్లో గుంతకల్లు దాటాక మామ అడిగాడు.

"సెప్పినావా ఆయప్పకు?"

"సెప్పినా మామా. ఆయప్ప పట్టిచ్చుకోలా."

మామ కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత బ్యాండు పెద్ద ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. మాట తప్పినోడని పదిమందిలో తిట్టాడు. ఆ తిట్లన్నీ నా ముందే తిట్టేవాడు, నేను తలూపేవాణ్ణి. తేలు కుట్టిన దొంగ ఎట్లా ఉంటాడో తెలుసుకోవాలంటే ఆ ఏడెనిమిది నెలలూ నన్ను చూడాల్సింది.

లింకు వచ్చిన నాలుగైదు రోజులకు, మిట్టమధ్యాహ్నం, మామ అంగట్లోకి వచ్చాడు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కండువాతో మెడ తుడుచుకుంటూ ఆముదపు డబ్బా మీద కూర్చున్నాడు.

"అదేందో వచ్చిందంట గదా. పెట్టు, ఇందాము."

ఈ రోజు వస్తుందని నాకు తెలుసు. అందుకే ముందే చేసిపెట్టుకున్నాను. ఐదోదాన్ని ఫోనులోకి దించుకుని, కంప్యూటరులో ఆ మూడు కన్నడం మాటలూ కోసేశాను. అతుకు కనపడకుండా. ఆ పని నాకు బాగా వచ్చు. పెద్ద బాక్సుకు తగిలించి పెట్టాను.

మామ చెప్పులు విడిచాడు. సన్నాయి మొదలైంది. వేళ్లు మోకాళ్ల మీద కదలలేదు. చప్పట్లు వచ్చినచోట కొంచెం ముడుచుకున్నాడు. తన సన్నాయి ఆగినచోట నా మొహంలోకి చూశాడు. చివరి చప్పట్లు కూడా అయిపోయేదాకా విన్నాడు.

"ముందర ఆయప్ప కన్నడంలో ఏందో మాట్లాడ్తాడు గదరా. అది యాడ పాయ?"

నేను బాక్సు వైరు ఊడదీసి చుట్టసాగాను.

"కౌతాళంలో టీ అంగట్లో మొన్ననే ఇనిపిచ్చినారు. రెండుసార్లు ఇన్న్యా. నాకు కన్నడం రాదనుకుంటివా?"

అరవలేదు. అరిస్తే బాగుండేది. తన్నినా బాగుండేది. చెప్పులు వేసుకుంటూ వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు అన్నాడు.

"ఆ పొద్దు సిగ్గుపడింటావులే, సిన్న తప్పు. ఈ పొద్దు కత్తిరిచ్చినావు సూడు."

టీ తెప్పిస్తానన్నాను. వద్దని చేత్తోనే చెప్పి రోడ్డు దాటి బస్టాండు వైపు నడిచాడు.

ఈ ఏడు మొహర్రం పదో రోజున పీర్లు వట్టి తప్పెట్లతోనే కాలవకు పోయాయి. సాగనంపే చోట తప్పెట్లు ఎప్పటిలాగే ఆగాయి. జనం కాసేపు ఎదురుచూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మళ్లీ నడిచారు. మామ కూడా గుంపులో చేతులు ఊపుకుంటూ నడిచాడు. ఎందుకు ఊదలేదని ఊరంతా అడుగుతున్నారు. పళ్లు వదులయ్యాయి, గాలి నిలవడం లేదు అంటున్నాడట. అంతకుముందు వారమే అత్త వేయించిన శనక్కాయలు పళ్లతో పగలగొట్టుకుని తిన్న మనిషి. ఊరికి అదే చెబుతున్నాడు, నా సంగతి ఎక్కడా ఎత్తడం లేదు.