నానమ్మ అడిగిన నీడ

మొన్న ఆదివారం మా అమ్మాయి, శ్రీకాకుళంలోని మా ఇంట్లో ఓ మూల పడి ఉన్న పాత కంప్యూటరుకి దుమ్ము దులిపి, స్నేహితురాలిచ్చిన కొత్త ఆటేదో అందులో నడుస్తుందో లేదో చూస్తూ కూర్చుంది. అది అడుగడుగునా ఆగిపోతుంటే గ్రాఫిక్స్ సెట్టింగులు తెరిచి, "ముందు నీడలు తీసేస్తానమ్మా, అప్పుడు పరిగెడతాది చూడు" అంది. పప్పుకి పోపు వేస్తున్నదాన్ని గరిటె చేత్తో పట్టుకునే వచ్చి నిలబడిపోయాను. నీడ తీసెయ్యడమనే మాట మా నానమ్మ చెవిన పడితే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి అయింది.

మనలో చాలామంది ఇళ్లకి కంప్యూటరు కొత్తల్లుడిలా వచ్చి, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పించుకుని మర్యాదలు అందుకున్న రోజులవి. డిగ్రీ పూర్తిచేసి, రాజాంలో మా మావయ్య నడిపే కంప్యూటర్ సెంటరులో పాఠాలు చెప్పడానికి చేరబోతుండగా నాకు పచ్చకామెర్లు వచ్చాయి. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో, చప్పిడి తిండి తింటూ, పల్చటి మజ్జిగ తాగుతూ, మంచం మీంచి గుమ్మంకేసి చూస్తూ గడపడం ఎంత విసుగో పడ్డవాళ్లకే తెలుస్తుంది. నా అవస్థ చూడలేక మావయ్య, తన సెంటరులో పక్కన పడేసిన పాత కంప్యూటరొకటి ఆటోలో తెచ్చి, అందులో ఒక ఆట వేసి ఇచ్చాడు. పొలాల మధ్య నుంచి, వాగుల పక్క నుంచి ఒక మనిషిని నడిపించుకుంటూ పోవడమే ఆట. నేను గడప దాటకూడదు గానీ వాడు ఎంత దూరమైనా పోవచ్చు, ఆ సుఖం ఇంతా అంతా కాదు.

నానమ్మ నా వెనకే పీట వేసుకుని కూర్చుని చూసేది. ఆవిడ బతుకంతా పొలం పనుల్లోనే గడిచింది. గడియారంతో పని లేకుండా నీడని చూసి పొద్దు చెప్పేది, నీడని బట్టే పొలంలో మనుషులకి అంబలి పంపేది. అందుకే మాకెవరికీ కనిపించనిది ఆవిడకి కనిపించింది. "ఎండ ఇంతలా కాస్తన్నాది, ఆడికి నీడ నేదేటే గుంటా?" అంది. నిజమే, ముసలి యంత్రం మీద ఆట నడవాలని మావయ్య నీడలన్నీ ఆపేసి ఇచ్చాడు.

అదంతా బొమ్మేనని నేనెంత చెప్పినా వింటేనా! వాణ్ని నడిపిస్తున్నది నేను గనక వాడంటే నేనేనని ఆవిడ లెక్క, నీడ కనిపించనివాళ్లు ఎక్కువ కాలం ఉండరని ఆవిడ నమ్మకం. నన్ను రెక్క పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్లి, ఎండలో నిలబెట్టి, నేల మీద నా తల నీడ ఉందో లేదో వంగి మరీ చూసింది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండుకొచ్చింది. నేను పుట్టకముందు మా మేనత్త ఒకావిడ, పెళ్లీడు రాకుండానే, ఈ కామెర్లతోనే పోయిందని తర్వాత అమ్మ చాటుగా చెప్పింది. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆ కంప్యూటరు పెట్టెని రాజాం పంపేస్తే సరిపోతుందని అమ్మ అంది. కానీ పెట్టె పోయినంత మాత్రాన ఆ నీడ లేని మనిషి నానమ్మ కళ్లలోంచి పోడు కదా, అప్పటికే ఆవిడకి ముద్ద గొంతు దిగడం లేదు. ఏం చేసైనా వాడికి నీడ తెప్పించాలనుకున్నాను. మావయ్యకి ఫోను చేస్తే, "దాన్లో నీడలు రావే తల్లీ, అది నీకంటే నీరసంగా ఉన్నాది" అని నవ్వేశాడు.

సరే, నేనే చూసుకుంటానని కూర్చున్నాను. నీడలు పెట్టగానే వాడి కాళ్ల పక్కన నల్లగా ఒక నీడ పడింది గానీ, మనిషి బురదలో దిగబడ్డ బండిలా అక్కడే నిలిచిపోయాడు. "ఇప్పుడు నీడొచ్చినాది, పేణం పోయినాది" అని నానమ్మ గుండెలు బాదుకుంది.

ఇక ఒక్కొక్కటే తీస్తూ పోయాను. నీటి మీద మెరుపు తీశాను, దూరాన ఉన్న కొండల్ని పొగమంచులో కలిపేశాను, గడ్డి తీశాను, చెట్లు తీశాను, రిజల్యూషన్ తగ్గించి వాడి మొహాన్ని ఇటుక ముక్కలా చేశాను. ఒకటి తీసినప్పుడల్లా వాణ్ని అదే గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి చూడడం, ఆగితే మరొకటి తీయడం. పెట్టె వేడెక్కిపోతుంటే పక్క రేకు ఊడదీశాను. నానమ్మ తాటాకు విసనకర్ర తెచ్చుకుని, ఆ తీగలకీ ఫ్యానుకీ గాలి తగిలేలా విసురుతూ, మధ్యమధ్య నావైపూ విసిరేది. చివరికి ఆకాశంలో మబ్బులు కూడా తీసేశాక వాడు కదిలాడు. బోడి నేల మీద, మొహం సరిగా లేని మనిషి, పక్కనే నీడతో, ఎక్కడా ఆగకుండా పరిగెత్తాడు.

అంత అందమైన చెట్లూ పోయాయే అని నేను నొచ్చుకుంటే, "పోతే పోనీ, మల్లీ మొలుస్తాయి. నీడున్నాది, సాలు" అని కళ్లు తుడుచుకుని లేచి, అన్నం పెట్టమని అమ్మని కేకేసింది. నా జబ్బు కూడా ఆ పూటే దిగిపోయినంత తేలిగ్గా అనిపించింది నాకు. నిజంగా దిగడానికి ఇంకా కొన్నాళ్లు పట్టిందనుకోండి.

మా అమ్మాయి ఆట నీడలు లేకుండానే హాయిగా నడిచింది, నేను గరిటె పట్టుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. ఇప్పుడు ఒంట్లో నలతగా ఉంటే పరీక్షలు చేయించుకుంటాం, భయం లేదని ఫోనుకే కబురొస్తుంది, అమ్మయ్య అనుకుని ఎవరి పనిలో వాళ్లం పడతాం. అది మంచిదే, కాదనను. కానీ నా కోసం అంత అర్థం లేకుండా భయపడి, ఆ భయం తీరగానే నా ఎదురుగా కూర్చుని అంత ఆకలిగా అన్నం తిన్న మనిషిని మళ్లీ చూడలేదు.