పెండ్లి లేని పత్రిక

చలికాలం ఎండ మా వాడకట్టులోకి మెల్లగా వస్తుంది. ముందు ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద పడుతుంది, తర్వాత మా ప్రహరీ మీద, చాలాసేపటికి వంటింటి కిటికీ గట్టు మీద. మా ఇంటికి మరిగిన పిల్లి ఒకటి ఆ ఎండ కోసమే రోజూ కిటికీలో కాచుకుని కూర్చుంటుంది. ఆ రోజు మాత్రం ఎండ ఇంకా ట్యాంకు దిగకముందే అది ముడుచుకుని హాయిగా నిద్రపోతోంది. దాని పొట్ట కింద అవ్వ ఫోన్ ఉంది. మావైపు అమ్మను అవ్వ అంటాం.

నేను కరీంనగర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకుంటాను. దేన్నైనా వరుసలో పెట్టుకుని చూడటం నా చదువు అంటించిన అలవాటు. చాయ్ తాగుతూ పిల్లిని చూస్తుంటే వరుస దానంతటదే మొదలైంది. పిల్లి వెచ్చగా ఉన్నచోటే పడుకుంటుంది. ఎండ రాలేదు. ఫోన్ ఛార్జింగ్‌లో లేదు. అవ్వ పొద్దున్నుంచి దాన్ని ముట్టలేదు. మరి ఆ వెచ్చదనం ఎక్కడిది?

పిల్లిని జరిపి ఫోన్ తీశాను. చేతికి జ్వరంలా తగిలింది. నిండుగా ఉండాల్సిన బ్యాటరీ సగానికి పైగా దిగిపోయింది. తెర చీకటిగానే ఉంది, కానీ లోపల ఎవరో మెలకువగా ఉన్నారు.

"అవ్వా, ఫోన్‌ల కొత్తగ ఏమన్న తెరిచినవా?"

అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఏం తెరువలే బిడ్డా. నిన్న ఒక్క పెండ్లి పత్రిక తెరిచిన, గంతే."

"ఎవలిది?"

"నిర్మల్‌ల మనకు తెలిసినామె లేదా, ఆమె నంబర్ నుంచి వచ్చింది. కొడుకు పెండ్లో, బిడ్డ పెండ్లో. నొక్కంగనే ఇంగ్లీషుల ఏందేందో అడిగింది."

"మరి నువ్వేమన్నవు?"

"అన్నిటికి సరే అన్న. పెండ్లి పత్రికకు ఎవలన్న కాదంటరార?"

మా ఇంట్లో పత్రికను రెండు చేతులతో అందుకుంటారు. కళ్లకద్దుకుని దేవుడి దగ్గర పెడతారు. తెరవకుండా పక్కన పడేయడం, శుభం మాట ముందు వద్దనడం రెండూ తప్పే. నీ మెసేజ్‌లు చదవనా అని పత్రిక వేషంలో వచ్చిన ఆ ఫైలు అడిగింది, సరే అంది అవ్వ. నీ వాళ్ల నంబర్లు చూడనా అంది, సరే. తెర మీద నువ్వు చేసేదంతా చూడనా, నీ బదులు నేనే నొక్కనా అంది. దానికీ అదే భక్తితో సరే అంది.

నేను ఇంకా ఆ ఫోన్ చూస్తుండగానే నా ఫోన్ మోగింది. గల్ఫ్‌లో పనిచేసే మా నాన్న, బాపు.

"ఏందిరా, నాకు చెప్పకుంట ఇంట్ల పెండ్లి పెట్టుకున్నరా? మీ అవ్వ పత్రిక పంపింది. ఎవలిదని రూమోళ్లంత అడుగుతుండ్రు."

"తెరిచినవా బాపూ?"

"అద్దాలు దొరుకుతలేవు. నువ్వే చదివి చెప్పు."

"తెరువకు. తీసెయ్. గది పత్రిక కాదు, అవ్వ ఫోన్‌ల ఎవడో జొచ్చిండు. గాడు పంపిండు."

"అయితే పెండ్లి లేదన్నట్టు," అన్నాడు బాపు, భోజనాలు తప్పిపోయిన మనిషిలా.

ముందు ఫోన్‌కు బయటి దారులన్నీ మూసేశాను. డేటా, వైఫై ఆపి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి పాత బటన్ ఫోన్‌లో వేశాను. కాల్స్ ఎటైనా మళ్లించి పెట్టారేమో చూసి అదీ తీసేశాను. అవ్వ చేత నా ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పించి ఖాతాకు తాళం వేయించాను, ఏమీ పోలేదు. పాస్‌వర్డులు నా కంప్యూటర్ నుంచి మార్చాను, జబ్బు పడ్డ ఫోన్‌లో మారిస్తే కొత్తవి కూడా వాడికి చెప్పినట్టే. తర్వాత అవ్వ ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, యాప్‌ల మధ్యలో ఒకదానికి బొమ్మా లేదు, పేరూ లేదు. అంత మందిలో ముఖం లేని మనిషిలా నిలబడి ఉంది. దానికి అవ్వ ఇచ్చిన అనుమతులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుని దాన్ని తీసేశాను. అయినా నమ్మడానికి లేదు. ఫోన్ మొత్తం తుడిచి మొదటికి తేవాలి.

తుడిచేముందు ఎవరెవరికి పోయిందో చూద్దామని వాట్సాప్ తెరిచాను. అందరికీ పోయింది. వాడకట్టు ఆడవాళ్లు, కూరగాయలామె, టైలరు, నా చిన్నప్పటి టీచరు. పైకి జరుపుతుంటే పేర్లు పెండ్లి బరాతులో మనుషుల్లా ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. అందులో చెన్నూరులో ఉండే చిన్నమ్మ పేరు కనిపించి నా వేలు ఆగింది.

చిన్నమ్మ అవ్వకు సొంత చెల్లె. మా ఇంటి గృహప్రవేశం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మావైపు పత్రిక ఒక్కటే పిలుపు కాదు. కుంకుమ తీసుకుని ఇంటికి పోయి, బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. ఆ పనుల తొందరలో అవ్వ చెన్నూరు పోలేక, అటు పోతున్న బంధువు చేతికి పత్రిక ఇచ్చి పంపింది. పత్రిక చేరింది, బొట్టు చేరలేదు. చిన్నమ్మ రాలేదు. సొంత చెల్లె రాలేదని అవ్వ, సొంత అక్క పిలవలేదని చిన్నమ్మ. అప్పటి నుంచి అవ్వ ఫోన్‌లో ఆ పేరు కింద ఒక్క అక్షరం లేదు. ఇప్పుడు ఆ పేరు కింద దొంగ పత్రిక ఉంది. దాని కింద చిన్నమ్మ గొంతు.

అవ్వను పిలిచి వినిపించాను.

"అక్కా, నీ పత్రిక అచ్చింది. తెరిస్తె ఏందేందో అడిగింది, అన్నిటికి సరే అన్న. పేర్లైతే కనవడలే. ఎవలిదైతేంది, అత్త. నువ్వు పిలిస్తె రాకుంట ఉంటనా?"

వస్తానంటోంది చిన్నమ్మ. అవ్వ చేతిలో చాట అలాగే ఉండిపోయింది. ఎండ అప్పుడే కిటికీ గట్టు మీదికి వచ్చింది. పిల్లి కళ్లు తెరిచి, ఇక ఈ వెచ్చదనం చాలన్నట్టు అటు తిరిగి పడుకుంది.

"మల్లొకసారి పెట్టు," అంది అవ్వ.

మళ్లీ పెట్టాను. మూడోసారి తనే నొక్కింది.

"అవ్వా, చిన్నమ్మ ఫోన్ గూడ పాడైంది. జల్ది చెప్పాలె."

"ఏమని చెప్తవు? మా అవ్వ పిలువలే, దొంగోడు పిలిచిండని చెప్తవా?" అంది అవ్వ. "ఇన్నేండ్లకు అత్త అన్నది. పిలువలేదని తెలిస్తె ఇగ నేను సచ్చినా రాదు."

బటన్ ఫోన్ నుంచి చేశాము. మోగుతోంది, ఎత్తడం లేదు. నా ఫోన్ నుంచి చేసినా అంతే. పోనీ అందరికీ తెరవొద్దని నా నంబర్ నుంచి ఒక మెసేజ్ పెడతానన్నాను.

"గదీ ఫోన్ల నుంచే పాయె. ఇప్పుడు నీ ఫోన్ల నుంచి ఇంకోటి పోతె ఎవలు నమ్ముతరు?" అని అవ్వ లేచి, చీర మార్చుకుని, కుంకుమ డబ్బీ తీసుకుని గడప దాటింది. నేను మెసేజ్ పెట్టి వెనక నడిచాను.

ఆ పొద్దు మా వాడకట్టు నాకు ఇప్పటికీ కలలా గుర్తుంది. మంచు పూర్తిగా విడవలేదు. అవ్వ ఒక్కో గడప ముందు ఆగి, బయటికి వచ్చిన ఆడమనిషికి బొట్టు పెట్టి, పెండ్లి లేదని చెప్పేది. వాళ్లు అలవాటుగా నుదురు ముందుకు వంచి, ఆ మాట విని కళ్లు పెద్దవి చేసేవారు.

"పిలువ అచ్చినవనుకుంటి. పెండ్లి లేదని బొట్టు పెట్టవడితివా?" అంది పక్కింటామె. "నేనింక జాకెట్ కుట్టియ్య ఇచ్చిన!"

"కుట్టియ్యి. మల్లెవలన్న చేసుకుంటరు. ఫోన్‌ల అచ్చినదాన్ని మాత్రం ముట్టకు."

తెరిచినవాళ్ల ఫోన్లు అక్కడే గడపలో నిలబడి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సాయంత్రం వచ్చి చూస్తానని చెప్పాను. మా గల్లీ చివరికి వచ్చాక అవ్వ ఇంటివైపు తిరగలేదు.

"చెన్నూరు బస్సు ఇప్పుడు దొరుకుతదా?" అంది.

మంచిర్యాల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. అవ్వ కుంకుమ డబ్బీని కొంగులో ముడేసి కిటికీ పక్కన కూర్చుంది. ఆమె స్మార్ట్‌ఫోన్ నా సంచిలో చల్లబడి పడి ఉంది. దారంతా పత్తి లారీలు ఎదురొస్తున్నాయి. వాటి నుంచి రాలిన పత్తి రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు చిక్కుకుని, చెట్లన్నీ తెల్లగా పూసినట్టున్నాయి. గోదావరి వంతెన మీద మంచు నీళ్లను కప్పేసింది. కింద నది ఉందని తెలుసు గాని కనిపించదు. అవ్వ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని కనిపించని నదికి దండం పెట్టుకుంది. నేను చిన్నమ్మ ఫోన్‌కు చేయాల్సిన పనులు మనసులో వరుసగా పెట్టుకుంటున్నాను. ప్రతిసారీ అవ్వ ఏం చెబుతుందో అన్న దగ్గరికి వచ్చి ఆ వరుస తెగిపోతోంది.

చెన్నూరులో చిన్నమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. ముందు గది నిండా పత్తి. ధర కోసం ఆపిన పంటను అక్కడే కుప్ప పోశారు. కిటికీ సగం దాకా మునిగిపోయింది. మిగిలిన సగంలోంచి వచ్చే వెలుతురు పత్తి మీద పడి గదంతా మబ్బు లోపలున్నట్టుంది. ఆ తెలుపులోంచి చిన్నమ్మ లేచి వచ్చింది, జుట్టు నిండా పత్తి పోగులతో.

"అక్కా!" అని ఆగిపోయింది. తర్వాత నవ్వి, "నేనే అత్తనంటి గద. గంతలోనే అచ్చినవా? ఇంతకు ఎవలి పెండ్లి?"

అవ్వ కొంగు ముడి తడుముకుంది. నేను అందుకున్నాను. "చిన్నమ్మా, నీ ఫోన్ ఏది?"

"గది పొద్దుగాల్నుంచి ఒక్కతీరుగ మోగవట్టె. ఎవలెవలో పత్రిక పత్రిక అని పానం తిన్నరు. యాష్టకచ్చి గీ పత్తిల విసిరేసిన."

వేడెక్కిన ఫోన్, చుట్టూ ఎండు పత్తి. ఫోన్ చేసి చూశాను. ఎక్కడో లోతు నుంచి తేనెటీగల్లాంటి చప్పుడు వచ్చింది, ఏ వైపు నుంచో తెలియలేదు. మోకాళ్ల మీద పాకుతూ పత్తిలో చేతులు పెట్టాను. చలికాలపు పత్తి నీళ్లలా చల్లగా ఉంది. భుజం దాకా చేయి దూర్చి, వెచ్చదనం కోసం తడుముకుంటూ ముందుకు పోయాను. పొద్దున పిల్లి చేసింది ఇదే. గోడ పక్కకు వచ్చేసరికి వేళ్లకు ఒకచోట గోరువెచ్చగా తగిలింది, ఇంకాస్త లోపల వేడిగా. పట్టుకుని లాగి, వాకిట్లోకి తెచ్చి ఆఫ్ చేసి నేల మీద పెట్టాను. దాని వెనక అతుక్కున్న పత్తి పోగులు మాడకుండా తెల్లగానే ఉన్నాయి.

చిన్నమ్మ ఫోన్‌నూ నన్నూ మార్చి మార్చి చూసింది. "పత్రిక గింత కాలుతదారా?"

అప్పుడు అవ్వ మాట్లాడింది. "గది నేను పంపలేదే. పెండ్లి లేదు, ఏం లేదు. ఎవడో నా ఫోన్‌ల జొచ్చి అందరికి పంపిండు."

"అంటె నువ్వు పిలువలే," అంది చిన్నమ్మ.

"పిలువలే."

"నేనొక్కదాన్నే అత్త అత్త అని ఎగిరిన."

"గా మాట మూడుసార్లు ఇన్న. ఇనే అచ్చిన." అవ్వ కొంగు ముడి విప్పింది. డబ్బీ మూత తీయగానే కాస్త కుంకుమ పత్తి మీద రాలింది. చిన్నమ్మ నుదుటి మీద పోగులు పక్కకు తీసి బొట్టు పెట్టింది. "ఇప్పుడు పిలుస్తున్న."

"దేనికి?"

"దేనికీ లేదు. ఇంటికి."

చిన్నమ్మ కింద పడ్డ కుంకుమను చూసింది. వంగి ఎర్రబడ్డ పత్తిని వేళ్లతో గిల్లి తీసి, కొంగున కట్టుకుంది.

"నీ కన్న దొంగోడు నయం," అంది, కళ్లు తుడుచుకుంటూ. "మనసున్న మనిషి, నన్ను మర్చిపోకుంట పిలిచిండు. ఫోన్‌కున్న తెలివి నీకు లేకపాయె గదనే."

"ఉండనీ. కార్డు పంపితె మూతి తిప్పినదానివి, ఫోన్ పత్రికకు ఎట్ల ఎగిరినవే?"

ఇద్దరూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. నేను బయట ఎండలో గోడ మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ముఖ్యమైన ఫొటోలు నా దాంట్లోకి తీసుకుని, చిన్నమ్మ ఫోన్ ముందు తుడిచాను. అవ్వ ఫోన్ దగ్గర ఆగాను. అందులో ఆ గొంతు ఉంది.

"అవ్వా, చిన్నమ్మ మాటలు వేరేగ దాచిపెట్టాల్నా?"

లోపలికి తొంగి చూస్తే అవ్వ చెల్లె జుట్టులోంచి పత్తి పోగులు ఒక్కొక్కటే ఏరుతోంది, పొద్దున బియ్యం ఏరినంత నిదానంగా. చిన్నమ్మ ఏదో చెప్పుకుపోతోంది. ఆ గొంతు ఆగేలా లేదు.

అంతా తుడిచేయనా అని ఫోన్ అడుగుతోంది. నేను 'సరే' నొక్కాను. తెర నల్లబడి, మధ్యలో చిన్న వెలుగు గుండ్రంగా తిరగడం మొదలైంది.